చెక్కపార

మన దగ్గర వాకిలి ఊడుస్తాం, బావి తవ్వుతాం. జపాన్‌లో నీగాతా కొండ పల్లెల్లో చలికాలం వస్తే వాకిలినే తవ్వుకోవాలి. ఆ పనికి అక్కడి పాత పేరు 'యుకిహోరి'. యుకి అంటే మంచు, హోరి అంటే తవ్వకం. షియోజావా ఊరి బట్టల వ్యాపారి సుజుకి బొకుషి తన ప్రాంతపు మంచు బతుకు మీద 'హొకుఎత్సు సెప్పు' అనే పుస్తకం రాశాడు. అది 1837లో అచ్చయింది. తలపెట్టిన దగ్గర్నుంచి పుస్తకం చేతికొచ్చేసరికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. అందులో ఆయన ఈ మాట దగ్గర ఆగి మరీ చెప్పాడు: మట్టిని తవ్వినట్టే తవ్వాలి గనక మావాళ్లు తవ్వడం అంటారని. వెచ్చటి ఊళ్లవాళ్లకి మంచు పడితే సంబరం, మాకు మాత్రం గండం అన్న బాధ ఆ పుస్తకం నిండా ఉంది. ఆ గండాన్ని ఏ పనిముట్టుతో, ఏ ఒడుపుతో దాటుతారో కూడా అంతే శ్రద్ధగా రాశాడాయన.

ఆ ఒడుపు ఏమిటో నాకు అర్థం కావడానికి ఒక ఫిబ్రవరిలో ఆ కొండల్లో నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. టోక్యో నుంచి మంచు పనికి సాయం వెళ్లే గుంపు ఒకటుంటే నేనూ పేరిచ్చాను. వెళ్లేటప్పుడు నా మనసులో ఉన్నది ఒక్కటే: ఇది ఒంట్లో సత్తువ ఉన్నవాడు ఎవడైనా చేసే మోత పని. వచ్చేటప్పటికి ఆ అభిప్రాయం పూర్తిగా పోయింది. నేను చూసింది మోత కాదు, పనితనం. వడ్రంగంలోనో నేతలోనో ఉండేటటువంటి పనితనం. చేసిన వస్తువు ఏప్రిల్ దాటితే కంటికి కనపడదు కాబట్టి దాన్ని ఎవరూ ఆ వరసలో చెప్పరు, అంతే తేడా.

ముందు ఆ మంచు సంగతి కొంచెం చెప్పాలి. చలికాలంలో సైబీరియా మీద నుంచి ఎండు గాలులు వీస్తాయి. అవి జపాన్ సముద్రం దాటుతాయి. అడుగున త్సుషిమా వెచ్చని ప్రవాహం పారుతూ ఉంటుంది గనక ఆ నీటి ఆవిరి తాగి బరువెక్కుతాయి. ఒడ్డు చేరగానే 2,000 మీటర్ల కొండలు అడ్డం. వాటి పైకెక్కుతూ మోసుకొచ్చిందంతా అక్కడే దింపేసుకుంటాయి. కొండల అవతల టోక్యోలో ఆకాశం నీలంగా, గాలి పొడిగా ఉంటుంది. షింకాన్‌సెన్ రైలు సొరంగంలో దూరి ఇవతలికి వచ్చేసరికి ఆకాశం సీసం రంగు, కింద గోడల్లా మంచు. నేను వెళ్లిన తోకమాచి ప్రాంతం 37 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ధ్రువానికి దగ్గరేం కాదు. అయినా మామూలు ఏడాదిలోనే మనిషి ఎత్తుకు మించిన మంచు నిలుస్తుంది. తకాదా పట్నంలో 1945 ఫిబ్రవరి 26న 377 సెంటీమీటర్లు కొలిచారు. అదే నెల 12న కొండల్లోని మొరిమియానోహరా రైల్వే స్టేషన్‌లో 7.85 మీటర్లు పేరుకుంది. ఆ ఎత్తున గుర్తు పెట్టిన స్తంభం ఇప్పటికీ ఆ స్టేషన్‌లో ఉంది. దాని మొదట్లో నిలబడి పైకి చూస్తే మెడ నొప్పెడుతుంది.

తెలుగులో మనకి పొలం మీద కమ్మే పొగమంచూ, గడ్డి మీద నిలిచే బిందువూ, హిమాలయాల మీద ఉండేదీ అన్నీ మంచే. లంబసింగిలో తెల్లారుజామున ఆకుల మీద నిలిచేదీ మంచే. మనకు అంతకంటే అవసరం పడలేదు. వాళ్లకి పడింది. అప్పుడే రాలినదానికి ఒక పేరు, తన బరువుకు తానే కుదురుకుని గట్టిపడిన దానికి ఒకటి, కరిగి మళ్లీ గడ్డకట్టి గింజ కట్టిన దానికి ఒకటి. ఈ మూడోదాన్ని 'జరమె' అంటారు. జరమె అంటే వాళ్ల ముతక పలుకు చక్కెర. చేత్తో పట్టుకుంటే నిజంగా చక్కెర పలుకుల్లాగే జారిపోతుంది. ఈ పేర్లు ముచ్చటకి పెట్టుకున్నవి కావు. ఒక్కో దాన్ని ఒక్కో తీరున కోయాలి.

మేం పని చేసిన ఇల్లు మెట్ల పొలాల పైన, ఊరి చివర. అందులో ఇద్దరే ఉంటారు. 78 ఏళ్ల పెద్దాయన, ఆయన భార్య. పిల్లలు టోక్యో వైపు స్థిరపడ్డారు. ఆయన వరి రైతు. నాదీ దివిసీమ వరి రైతు కుటుంబమే అని చెబితే ఆయన మొహం విప్పారింది. "అయితే పార పట్టడం వచ్చు కదా నీకు" అన్నాడు. వచ్చనుకున్నాను.

రాత్రంతా కురిసి తెల్లారేసరికి ఆగింది. కొత్త మంచు 90 సెంటీమీటర్లు. అంతకు ముందే పేరుకున్న దాని మీద ఇది. కింది అంతస్తు కిటికీలు కనపడటం లేదు. కనపడకపోయినా వాటికేమీ కాదు. నవంబరులోనే గోడ బయట నిలువు గాడిలో పలకలు ఒకదాని మీద ఒకటి జారవిడిచి చుట్టూ కవచంలా కడతారు. మంచు ఒత్తిడి అద్దం మీద పడకుండా ఆ పలకలు ఆపుతాయి. అందుకని చలికాలమంతా కింది గదులు పగలే చీకటి. దీపం వేసుకుని వంట చేసుకుంటారు.

నేను పార తీసుకుని వాకిలి ముందున్న గుట్ట మీదికి ఉరకబోతే పెద్దాయన ఆపాడు. ముందు ఆయన చేసిన పని ఇంటి పక్కగా మూడు అడుగుల వెడల్పున నడిచి, గోడకున్న ఒక చిన్న గొట్టం చుట్టూ మంచు తీయడం. లోపలి కిరసనాయిలు హీటరు పొగ బయటికి పోయే గొట్టమది. అది మూసుకుపోతే ఇంట్లో వాళ్లు నిద్రలోనే పోతారు. రెండోది గ్యాసు సిలిండర్ల చోటు. మూడోది వీధి తలుపు. అదీ పూర్తిగా కాదు, మనిషి పట్టేంత. నాలుగోది నిచ్చెన వేసే చోటు. ఇవన్నీ అరగంటలో అయ్యాయి. మిగతా వాకిలి జోలికి ఆయన పోనే లేదు. నేను ఉండబట్టలేక అడిగాను.

"తాతగారూ, ముందు వాకిలి తీసేస్తే నడవడానికి బాగుంటుంది కదా?"

"కప్పు మీదిది ఎక్కడ పడుతుంది బాబూ? వాకిట్లోనే కదా. ఇప్పుడు తీస్తే మళ్లీ తీయాలి. ఒక మంచుని ఒక్కసారే ముట్టుకోవాలి."

ఆ మాట నాలుగు రోజులూ నాతోనే ఉంది. పని ఎంత అనేది కప్పు మీద ఎంత మంచుందో దాన్నిబట్టి ఉండదు, దాన్ని ఎన్నిసార్లు ఎత్తామో దాన్నిబట్టి ఉంటుంది. మొదటి రోజు మధ్యాహ్నం నేను ఎవరికీ చెప్పకుండా ఒక మూల తవ్వి ఆ మంచంతా గోదాము తలుపు పక్కన పోశాను. సాయంత్రం ఆ తలుపు తీయాల్సి వచ్చింది. పోసిందంతా నేనే మళ్లీ ఎత్తి ఇంకోచోట పోశాను. అప్పటికి అది తన బరువుకు తాను గట్టిపడి మొదటిసారి కంటే రెట్టింపు శ్రమ పెట్టింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. పక్కకొచ్చి నాతోపాటు తవ్వాడు.

ఇక పనిముట్టు. గోదాములో అల్యూమినియం పారలున్నాయి, ప్లాస్టిక్ పారలున్నాయి, రెండు చేతులతో తోసే వెడల్పాటి రేకు తొట్టి ఉంది. వాటన్నిటి మధ్య గోడకి ఆనించి ఒక చెక్కపార. దాని పేరు 'కొసుకి'. బొకుషి తన పుస్తకంలో మంచుకాలపు పనిముట్లలో మొదటి స్థానం ఇచ్చింది దీనికే. కొండల్లో ఉండేవాళ్లు చెక్కి కింది ఊళ్లలో అమ్ముతారనీ, ఇది లేని ఇల్లుండదనీ ఆయన రాశాడు. బీచ్ చెట్టు కలపతో చేస్తారు. ఆ కలప తేలిక, పైగా సాగుడు గుణం ఉండి ఫట్టున విరగదు.

చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. పిడి వేరు, పలక వేరు అని అతికింది కాదు. మొత్తం ఒకే చెక్క. పై నుంచి కిందిదాకా వేలు పెట్టి రాస్తే కలప గీతలు పిడిలోంచి పలకలోకి ఎక్కడా తెగకుండా దిగిపోతున్నాయి. అతుకు లేదు గనక విరిగే చోటు లేదు. పలక రెండు జానల వెడల్పు. మధ్యలో కొంచెం మందం, అంచుకి వెళ్లేకొద్దీ పల్చన. పిడి కలిసే దగ్గర మాత్రం వెన్నెముకలా ఒక గట్టు వదిలారు. అక్కడే బరువంతా పడేది. పలక లోతుగా లేదు, దాదాపు చదును. మట్టిపారకి ఉండే గుంట దీనికెందుకు లేదో నాకు మొదట అర్థం కాలేదు. గట్టిపడిన మంచు పొడిగా రాదు, దిమ్మలుగా వస్తుంది. దిమ్మ కూర్చోవాలంటే చదును కావాలి. విసిరినప్పుడు అంటుకోకుండా జారిపోవాలంటే కూడా చదునే కావాలి. ఆ జారుడు కోసం పెద్దాయన పొద్దున్నే పలక రెండు వైపులా కొవ్వొత్తి రుద్దుతాడు. పైన పడ్డ మైనాన్ని అరచేతి మడమతో వేడెక్కేదాకా పామి కలపలోకి ఎక్కిస్తాడు. ఆయన తండ్రి పట్టిన పార అది. పిడి మీద చెయ్యి పడే రెండు చోట్లా కలప లోపలికి అరిగి నిగనిగలాడుతోంది. నా చేతులు ఆ గుంటల్లో పెట్టి చూశాను. పై చెయ్యి సరిపోయింది. కింది చెయ్యి నేను మామూలుగా పట్టే చోటికి ఒక జాన కిందికి పోయింది. బరువుకి అంత దగ్గరగా చెయ్యి వేయాలని ఆ చెక్కే నేర్పింది నాకు.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఇందాక చెప్పిన రేకు తొట్టి. దాన్ని స్నో డంపు అంటారు. 'అమ్మల డంపు' అని అర్థం వచ్చే పేరు దానికి ఊరూరా స్థిరపడిపోయింది. ఆ పేరు వెనక ఒక చరిత్ర ఉంది. ఆరు నెలలు పొలం మంచు కింద ఉండే ఊళ్లలో మగవాళ్లు చలికాలం సాకే అనే బియ్యపు మద్యం తయారీకో, పట్నాల్లో కట్టుబడి పనులకో వలస వెళ్లేవాళ్లు. నీగాతా సాకే మేస్త్రీలకి దేశమంతా పేరు. ఇంటి దగ్గర మంచు తవ్వింది ఆడవాళ్లూ ముసలివాళ్లూ. పాలమూరు వలసల గురించి విన్నవాళ్లకి ఈ బొమ్మ కొత్త కాదు. భుజం మీదికి ఎత్తకుండా, నేల మీద జార్చుకుంటూ పోగలిగే తొట్టి వచ్చేసరికి ఆ తల్లుల నడుములు కొంత నిలబడ్డాయి. మైదానం మీద అది చెక్కపార కంటే నాలుగింతలు పని చేస్తుంది. కప్పు అంచున, గోడ సందున, నిచ్చెన మొదట్లో మాత్రం పెద్దాయన చెయ్యి కొసుకి వైపే పోయేది. రేకు కప్పుని గీరకుండా ఉండేది అదొక్కటే అన్నాడు.

కప్పు ఎక్కడమే అసలు పని. దాని బరువెంతో ముందు చెప్పుకోవాలి. జపాన్ కట్టడాల నిబంధనల ప్రకారం మంచు ఎక్కువ పడే ప్రాంతాల్లో చదరపు మీటరుకి ఒక్కో సెంటీమీటరు మంచుకీ సాధారణంగా 30 న్యూటన్లు, అంటే దాదాపు 3 కిలోలు, లెక్కవేసుకోవాలి. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కప్పు మీద ఒక మీటరు మంచు నిలిస్తే 30 టన్నులు. మూడు పెద్ద లారీల లోడు నెత్తిన పెట్టుకుని ఇల్లు నిలబడాలి. తోకమాచిలో 1938 జనవరి 1న, కొత్త సంవత్సరం పూట, ఒక సినిమా హాలు కప్పు మంచు బరువుకి కూలి 69 మంది చనిపోయారు. అందుకే అక్కడి పాత ఇళ్ల దూలాలు చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కొండవాలు మీద పెరిగే చెట్టుని చిన్నప్పుడే మంచు కిందికి తోస్తుంది. చెట్టు మళ్లీ పైకి లేస్తుంది. ఏటా ఇదే. దాంతో మొదలు విల్లులా వంగి పెరుగుతుంది. వడ్రంగులు ఆ వంపుని తిన్నగా చేయబోలేదు. వంపు పైకి వచ్చేలా దూలంగా వేశారు. మంచు వంచిన చెట్టే మంచుని మోస్తోంది. పెద్దాయన ఇంట్లో పొయ్యి గది మీద అలాంటి దూలం ఒకటుంది. పొగకి నల్లబడి, మనిషి నడుమంత లావుంది. రాత్రి పడుకుని దాన్నే చూసేవాణ్ణి.

కప్పు ఎక్కే ముందు ఆయన నిచ్చెన కాళ్ల కింద మంచుని రెండు నిమిషాలు తొక్కాడు. నిచ్చెన పై కొసని కప్పు అంచుకి తాడుతో కట్టాడు. నడుముకి వేసుకున్న తాడు రెండో కొస కప్పు శిఖరం దాటి అవతల వైపు ఒక సుగి చెట్టుకి కట్టి ఉంది. జారితే అటువైపు చెట్టు పట్టుకుంటుంది. కింద ఒక మనిషి ఉండి తీరాలి. ఒంటరిగా ఎక్కడం ఆ ఊళ్లో తప్పు కింద లెక్క.

పైకి వెళ్లి మొదట కప్పు అంచు చూశాడు. గాలికి మంచు అంచు దాటి బయటికి పెరిగి వేలాడుతుంది. చూడటానికి కప్పులాగే ఉంటుంది, కింద ఏమీ ఉండదు. దాని మీద కాలేస్తే మనిషీ మంచూ కలిసి దిగుతారు. ఆయన రెండడుగులు వెనకే నిలబడి, పార చాచి, అది ఎక్కడ మొదలవుతుందో పొడిచి తెలుసుకున్నాడు. ఆ గీత వెంట కోశాడు. వేలాడేది దబ్బున పడింది. ఆ తర్వాత నిలబడటానికి చోటు చేసుకున్నాడు. అప్పుడు మొదలైంది కోత.

పారని నిలువుగా పొడుస్తాడు. ఎడమన ఒకటి, కుడిన ఒకటి, వెనక ఒకటి. మూడు పోట్లు. నాలుగో వైపు ముందే ఖాళీ. అప్పుడు పలకని అడుగున అడ్డంగా తోస్తాడు. దిమ్మ చప్పుడు లేకుండా విడిపోయి పలక మీద కూర్చుంటుంది, జున్ను ముక్క కోసినట్టు. ఎత్తడు. పలకని కొంచెం వాల్చి ముందుకు నెడతాడు. దిమ్మ దానంతటది జారుతూ అంచు దాటుతుంది. నడుము తిప్పడు, పాదాలు తిప్పుతాడు. ఒక్కో దిమ్మ పలక కంటే వేలెడు చిన్న. నేను కోసినవి పలక కంటే పెద్దవి, ఎత్తేసరికి మధ్యకి విరిగి సగం కాళ్ల మీద పడేవి. ఆయన దిమ్మలన్నీ ఒక అచ్చులో పోసిన ఇటుకల్లా ఒకే కొలత. గంటన్నర తర్వాత కూడా అదే కొలత. మంచు లోతుగా ఉన్నచోట పైనుంచి కిందిదాకా ఒకేసారి తవ్వడు. మెట్లు మెట్లుగా పై పొర కొంత, వెనక్కి జరిగి దాని కింది పొర కొంత. పై పొర కొత్తది, పార దూరుతుంది గాని దిమ్మగా రాదు, చిమ్మాలి. మధ్య పొర కుదురుకున్నది, అదే ఇటుకలొచ్చే పొర. అడుగున జరమె గింజలు. అవి దిమ్మ కావు, పలక మీద నిలవవు. పార దిగేటప్పుడు వచ్చే చప్పుడుని బట్టే ఏ పొరలో ఉన్నదీ ఆయనకి తెలుస్తుంది. కొత్త మంచులో చప్పుడే ఉండదు. మధ్య పొరలో గుమ్మడికాయలో కత్తి దిగిన చప్పుడు. జరమెలో గరగర.

అడుగుదాకా ఆయన తవ్వడు. జానెడు మంచు అట్టే వదిలేస్తాడు. నాకు అది పని మిగిల్చినట్టు కనిపించింది. రేకు బయటపడితే కాలు నిలవదు, పారకి రేకు చిరుగుతుంది. కాలికి పట్టునిచ్చేది ఆ జానెడే. ఇంకో సంగతి, ఒక వైపు మొత్తం ఖాళీ చేసి తర్వాత రెండో వైపు పోడు. ఇటు కొంత, అటు కొంత. ఒకవైపే బరువుంటే ఇల్లు ఒరుగుతుంది. పది గంటలకి ఎండ పొడ తగిలేసరికి పార ఆపేసి దిగిపోయాడు. చలిగా ఉన్నంతసేపూ మంచు కప్పుని పట్టుకుని ఉంటుంది. మంచి ఎండ వచ్చిన రోజే ప్రమాదం. అడుగున నీరు చేరి మొత్తం పలకగా జారుతుంది. 2005 చివర మొదలై 2006 దాకా సాగిన పెద్ద మంచుకాలంలో జపాన్‌లో 152 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మంచు తీస్తూ పోయినవాళ్లే, అందులోనూ ముసలివాళ్లే ఎక్కువ. ఈ పనితనం గురించి మెచ్చుకుంటూ రాసేటప్పుడు ఆ అంకె నా ముందు పెట్టుకునే రాస్తున్నాను. ఆయన జాగ్రత్తల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి ప్రాణం పోయి తెలిసిన సంగతే అయి ఉంటుంది.

కప్పు నుంచి పడిన మంచు దగ్గర నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. మా ఊళ్లో గడ్డివామి వేయడానికి ఆయన్ని పిలిచేవాళ్లు. కింద నుంచి పది మంది పనలు అందిస్తుంటే పైన ఒక్కడే నిలబడి అంచులు కట్టుకుంటూ, మధ్యలో తొక్కుతూ లేపేవాడు. అంచు ఒదిలితే వామి జారుతుంది, మధ్య లోపిస్తే నీళ్లు దిగుతాయి. పెద్దాయన కప్పు మీద నుంచి దిమ్మలు వదులుతుంటే అదే లెక్క కనిపించింది. దిమ్మలు ఎక్కడ పడితే అక్కడ పడటం లేదు. మొదటివి గోడకి దూరంగా. అవి గట్టులా నిలిచాయి. ఆ గట్టుకి లోపల మిగతావి. కుప్ప బయటికి జారకుండా, గోడని ఒత్తకుండా, పలకలున్న కిటికీ మీద భారం పడకుండా. పైన నిలబడి కంటికి కనపడని కింది కుప్పని ఆయన కడుతున్నాడు.

కుప్ప పెరిగి పెరిగి కప్పు అంచుని అందుకోబోయింది. అక్కడ ఆయన పని తీరు మారింది. దిగి, కప్పు మంచుకీ నేల మంచుకీ మధ్య బెత్తెడు సందు ఉండేలా అంచు పొడుగునా కోశాడు. ఆ కోత చూడటానికి చిన్నది, అసలు నేర్పు అక్కడే ఉంది. నేల మంచు రోజురోజుకీ కుదురుకుంటూ కిందికి దిగుతుంది. కప్పు మంచు దానికి అతుక్కుని ఉంటే దిగేటప్పుడు దాన్ని పట్టుకుని లాగుతుంది. ఆ లాగుడికి వాసాలు విరుగుతాయి. పైన మోసే బరువుకి విరగని ఇల్లు కింద నుంచి లాగే బరువుకి విరుగుతుంది. సందు కోయడానికి ఆయనకి పట్టింది ఇరవై నిమిషాలు. మూడు వారాల తర్వాత ఏం జరుగుతుందో చూసి కోసిన కోత అది.

మిగిలిన మంచు ఇంటి పక్కన కుంటలోకి పోయింది. కొండ ఊట నీరు అందులో ఎప్పుడూ పారుతూ ఉంటుంది. భూమి లోపలి నీరు చలికాలంలోనూ వెచ్చన. అందులో వేసిన మంచు మెల్లగా కరిగి కిందికి పోతుంది. ఎండాకాలం అదే కుంటలో చేపలు. పట్నాల్లో ఇదే ఉపాయాన్ని రోడ్లకి ఎక్కించారు. నాగఓకాలో 1960ల నుంచి రోడ్డు మధ్య గొట్టాలు వేసి భూగర్భ జలం చిమ్మి మంచు కరిగిస్తున్నారు. కొత్త ఇళ్లయితే కింది అంతస్తు కాంక్రీటుతో ఎత్తుగా కట్టి, మంచు దానంతటదే జారే నిటారు కప్పు వేస్తున్నారు. మంచివే. ఆ ఊరి చివరి ఇంటికి అవేవీ రాలేదు.

రెండో రోజు పొద్దున కొత్త మంచు పడకపోయినా పెద్దాయన చీకట్లోనే లేచి వాకిలి నుంచి రోడ్డు దాకా దారి తొక్కాడు. కాళ్లకి వంచిన కొమ్మ చట్రాలు కట్టుకుని, చిన్న చిన్న అడుగులతో, ఒక పాదం ఇంకో పాదానికి సగం మీద పడేలా. వెళ్లేటప్పుడు ఒక వరస, వచ్చేటప్పుడు పక్కన ఇంకో వరస. పూర్వం ఊరంతా వంతులవారీగా ఇలా దారి తొక్కేవాళ్లని ఆయన భార్య చెప్పింది. మీ వంతు ఎప్పుడని అడిగితే, "ఇప్పుడు రోజూ మాదే నాయనా" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. బడికి వెళ్లే పిల్లలు ఆ దారిన లేరు. తపాలా మనిషి వస్తాడు. అతని కోసం తొక్కాడు.

నాలుగో రోజు సాయంత్రం మేం బయల్దేరే ముందు ఆయన కొసుకిని కుంట నీళ్లలో ముంచి కడిగి, పాత తువ్వాలుతో పలక, అంచు, పిడి అన్నీ తుడిచి, గోదాములో తలకిందులుగా ఆనించాడు. తర్వాత ఇంటి వెనక్కి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. వంటగది కిటికీ ముందు మంచు ఆయన కట్టిన గట్టుకి అవతలే ఆగి ఉంది. కిటికీ మీది పలకల వరసలో అన్నిటికంటే పై పలకని రెండు చేతులతో పైకి జరిపి, గాడిలోంచి తీసి చంకన పెట్టుకున్నాడు. జానెడు వెడల్పు వెలుగు లోపలికి పడింది. లోపల ఆవిడ దీపం ఆర్పి, ముల్లంగి కోస్తున్న చెక్కని ఆ వెలుగులోకి జరుపుకుంది.

"ఒక్కటే" అన్నాడు నాతో, పలక మీది మంచు రాలుస్తూ. "చీకటి పడగానే మళ్లీ పెట్టేయాలి. రాత్రికి గాలి మారేలా ఉంది."